ఆ చివరి మాట నాది కాదు

అమ్మకి,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం కులాసా. అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో మొదటి వాక్యం చెప్పింది, నీ మోకాలు మాత్రం కులాసాగా లేదని మూడో పేజీ చెప్పింది. ముందే రాస్తే నేను కంగారు పడతానని వెనక్కి నెట్టావు, నాకు తెలియదా? మందుల షాపులో నూనె సీసాలు కొని రాసుకోవడం మాని ఎముకల డాక్టరుకి చూపించుకో. తమ్ముడు తీసుకెళతాడు. తీసుకెళ్ళకపోతే వాడితో నేను మాట్లాడతాను. ఎలా మాట్లాడతానో వాడికి బాగా తెలుసు.

ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేమిటని మీ అల్లుడు నవ్వుతున్నారు. మన ఇంటికి ఫోను చేస్తే ఏం జరుగుతుందో ఆయనకేం తెలుసు? నేను "అమ్మా" అనగానే నాన్న స్పీకరు నొక్కుతారు. గదిలో ఎవరుంటే వాళ్ళందరూ వింటారు. పోయిన నెల నా నడుం నొప్పి సంగతి నీకు చెబుతుంటే పక్కింటి లెక్కల మాస్టారు మధ్యలో దూరి, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకోమని సలహా ఇచ్చారు. అందుకని కాగితం. కాగితానికి స్పీకరు ఉండదు. ఇది నువ్వొక్కదానివే తలుపేసుకుని చదువు.

నీ ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబు చెబుతాను. పని ఎలా ఉందన్నావు. కట్టుడు పళ్ళసెట్లు చేసేవాళ్ళకి కరువు ఎక్కడిది? పోయిన వారం ఇరవై రెండు సెట్లు పంపాం. పొద్దున్నించీ సుద్ద అచ్చులు, మైనం, గులాబీరంగు చిగుళ్ళు. ఇంటికొచ్చేసరికి గోళ్ళ సందుల్లో కూడా గులాబీరంగే. కొత్తగా చేరినమ్మాయి ఒకాయన పై వరసకి ఇంకొకాయన కింది వరస కలిపి పంపేసింది. పాపం ఆ పెద్దాయన నోరు మూయలేక, తిట్టడానికి తెరవలేక నానా అవస్థ పడ్డాడట. పళ్ళ డాక్టరుగారు నాకు ఫోను చేసి తిట్టారు. నేను అమ్మాయిని తిట్టాను. తిట్టాక ఇద్దరం నవ్వాం.

నీ మనవరాలు పరీక్షలు రాసింది. ఎలా రాశావే అంటే "రాశాను" అంటుంది. అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయాను.

ఇక నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. "నీ వీడియో ఫోన్లో రావడం లేదు. నొక్కితే ఖాళీగా ఉంటోంది. నాన్న కంగారు పడుతున్నారు. వచ్చే నెల పాత విద్యార్థులు స్కూల్లో నాన్నకి సన్మానం చేస్తున్నారు, పెద్ద తెర కట్టి అందరికీ అది చూపిస్తారట. తర్వాత నిన్ను స్టేజీ మీదికి పిలుస్తారట. వెంటనే మళ్ళీ పంపు" అని రాశావు.

పంపనమ్మా. అది పోలేదు, నేను తీయించేశాను.

కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. ఇందులో నీకు తెలిసిన విషయాలు చాలా ఉన్నాయి. కానీ నా నోటి నుంచి నువ్వు ఎప్పుడూ వినలేదు.

ఇక్కడ కుర్చీలూ బల్లలూ అమ్మే ఒక షాపు ఉంది. దాని మేడ మీద ప్రతి ఆదివారం మధ్యాహ్నం మామూలు మనుషులు వచ్చి, పదేసి నిమిషాలు తమ జీవితంలో జరిగినదేదో మైకులో చెప్పుకుంటారు. విన్నవాళ్ళు ఏడుస్తారు, నవ్వుతారు, చప్పట్లు కొడతారు. అది వీడియో తీసి జనంలోకి వదులుతారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే కదా, ఎవరి గుండె వాళ్ళు తీసి బల్ల మీద పెట్టడం. నాకు చెప్పకుండా నీ మనవరాలు అక్కడ నా పేరిచ్చింది. "నువ్వు ఆ స్టాప్‌వాచ్ సంగతి చెప్పమ్మా, అందరూ పడిపోతారు" అంది. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఊసుపోక దానికి చెప్పాను. అది గుర్తు పెట్టుకుంది.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఒక్కసారైనా మైకు ముందు నిజం చెప్పాలనిపించింది. మైకు ముందు నేను చెప్పిన మొదటి మాట అబద్ధం కాబట్టి.

ఎనిమిదో తరగతిలో ఉన్నాను. స్కూలు ఆటల పోటీలకి మూడు రోజుల ముందు హెడ్మాస్టరు గదిలోంచి స్టాప్‌వాచ్ మాయమైంది. ఆ హెడ్మాస్టరు మా నాన్న. ఆ రోజు మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఆయన అన్నం కేరేజీ బల్ల మీద పెట్టి వచ్చాను. బంట్రోతు అదే చెప్పాడు, అతను అబద్ధం చెప్పలేదు. "నేను తీయలేదు నాన్నా" అన్నాను. నాన్న నా ముఖం కూడా చూడలేదు. "నా కూతురని వదిలేస్తే రేపు ఎవరికైనా నేనేం చెప్పగలను?" అన్నారు. మర్నాడు పొద్దున్న ఆరువందల మంది ముందు మైకు దగ్గర నిలబెట్టారు. "నేనే తీశాను. అందరూ నన్ను క్షమించండి" అన్నాను. మైకు నా ఎత్తుకి దించలేదు, మునివేళ్ళ మీద నిలబడి చెప్పాను. ఆ రోజు నుంచి నేను "గడియారం దొంగ"ని. నాన్న మాత్రం సొంత కూతుర్ని కూడా విడిచిపెట్టని మనిషి అయ్యారు. వాచీ ఎక్కడుందని మాత్రం ఎవరూ అడగలేదు, చూశావా? ఒప్పుకున్నాను కదా, ఇంక వస్తువుతో పనేముంది?

మేడ మీద కూడా ఇదే చెప్పాను, ఇంతే సాదాగా. మైకు దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి వినిపించమన్నారని, ఆ కార్యక్రమం నడిపే అమ్మాయికి వినిపించాను. చిన్నదే, పాతికేళ్ళుంటాయి, పెద్ద కళ్ళద్దాలు. అందరూ మైకు పిల్ల అంటారు. విని కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నాక కాగితం తీసింది.

"చాలా బాగుందండీ. కానీ ముగింపు లేదు."

"అయిపోయింది కదమ్మా. ఒప్పుకున్నాను, క్లాసుకి వెళ్ళిపోయాను."

"అంటే, ఇప్పుడు మీ నాన్నగారి గురించి ఏమనుకుంటున్నారు?"

"ఒక్కోరోజు ఒక్కోలా అనుకుంటాను."

"అలా అంటే జనం బరువుతో ఇంటికెళతారండీ. వాళ్ళకి కొంచెం ఊపిరాడాలి. క్షమించాను అని ఒక్క మాట అంటే చాలు. అంటే మీక్కూడా తేలిగ్గా ఉంటుంది, చూడండి."

ఆ అమ్మాయే కాగితం మీద రాసిచ్చింది: "ఇన్నేళ్ళ తర్వాత, ఇవాళ, ఈ మైకు ముందు, మా నాన్నని క్షమించేస్తున్నాను." 'ఇవాళ' దగ్గర కాస్త ఆగమంది. ఆగాను. అన్నాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరో నన్ను వాటేసుకున్నారు. వాళ్ళ భుజం మీద నా ముఖం ఉంది, నేను ఆలోచిస్తున్నది ఒక్కటే: మళ్ళీ చెప్పాను. ఎవరో చెప్పమన్న మాట, మైకు ముందు, బుద్ధిగా, మళ్ళీ చెప్పాను. అప్పుడైతే పదమూడేళ్ళ పిల్లని. నలభై ఆరేళ్ళకి ఏమైంది నాకు?

అయినా నోరు మూసుకుని ఊరుకుందును. చాలామంది చూశారు. డాక్టరుగారు పిలిచి "గొప్ప మనసమ్మా నీది" అన్నారు. పరిచయం లేని ఆడవాళ్ళు రాశారు, మిమ్మల్ని చూసి మా మామగారిని క్షమించాం, మా అన్నయ్యని క్షమించాం అని. చదువుతుంటే సిగ్గేసింది. నేను చేయని పని చూసి వాళ్ళు చేస్తున్నారు. అయినా ఊరుకునేదాన్నే. నాన్న ఫోను చేయకపోయుంటే.

నువ్వు అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తున్నావని చెప్పారు. "చాలా బాగా మాట్లాడావు. ఉచ్చారణ స్పష్టంగా ఉంది. చివర్లో ఇంకాస్త గొంతు పెంచాల్సింది" అన్నారు. మార్కులు వేశారన్నమాట. సరే అనుకున్నాను. ఆయన ఫోను పెట్టేసేలోపు నేనే అన్నాను, "నాన్నా, అందులో నేను తీయలేదని చెప్పాను. విన్నారా?"

"విన్నాను."

"మరి?"

"పోనీలేమ్మా. తీసినా తీయకపోయినా, దానివల్ల ఎంత ఎత్తుకి ఎదిగావో చూడు. నేను ఆ రోజు గట్టిగా ఉండబట్టే కదా ఇవాళ ఇంత మంది నీ మాట వింటున్నారు."

తీసినా తీయకపోయినా! అమ్మా, ముప్ఫై మూడేళ్ళుగా నేను మోస్తున్నదే ఆ రెండిటి మధ్య తేడా. ఆయన దాన్ని ఒక్క ఊపులో ఊడ్చి పక్కన పడేశారు. అదిగాక వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చి ఆ వీడియో చూపిస్తున్నారని అంతకు ముందు ఉత్తరంలో నువ్వే రాశావు, సంతోషంగా రాశావు. "నా కూతురు నన్ను క్షమించింది" అని చెబుతున్నారట. ఆయన అడగని క్షమాపణకి నేను ఇవ్వని క్షమ, దానికి పెద్ద తెర, దానికి సన్మానం.

ఆ ఉత్తరం అందిన తర్వాతి ఆదివారమే మళ్ళీ మేడ మీదికి వెళ్ళాను. మొన్న చెప్పినదానికి ఇంకొంచెం ఉందన్నాను. మైకు పిల్ల సంతోషంగా పిలిచింది. పైకెక్కి చెప్పాను: "పోయినసారి మా నాన్నని క్షమించానన్నాను. ఆ చివరి మాట నాది కాదు, రాసిస్తే చదివాను. నేను క్షమించలేదు. ఇకముందు క్షమిస్తానో లేదో నాకు తెలియదు. ఆయన అడిగినప్పుడు ఆలోచిస్తాను. ఆయన ఇంకా అడగలేదు. నన్ను చూసి మీరెవరినైనా క్షమించి ఉంటే, మీ ఇష్టమైతే అలాగే ఉంచండి. నా మొహమాటానికి మాత్రం వద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెనక వరసలోంచి ఒకావిడ కాస్త కోపంగానే అడిగింది, "మరి ఇంత పగ పెట్టుకుని ఎలా బతుకుతారండీ?"

"పగ కాదండీ, లెక్క తేలకపోవడం. మా నాన్నకి నెలనెలా మందులు పంపేది నేనే. కళ్ళ ఆపరేషనప్పుడు పక్కన పడుకున్నది నేనే."

"మరి ఇప్పుడేం చేస్తారు?"

"రేపు పన్లోకి వెళతానండీ. పై వరసలు పదకొండు పూర్తి కావాలి."

అప్పుడు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నేను దిగి వచ్చేశాను. ఈసారి వాటేసుకున్నవాళ్ళు లేరు. కానీ ప్రతి మాటా నాది, ఎవరో రాసిచ్చింది కాదు.

తర్వాత మైకు పిల్ల నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. "ఇది మేం పెట్టలేమండీ."

"పెట్టకు. మొదటిది తీసెయ్."

"అదెలా కుదురుతుంది? అంతమంది చూశారు. ఎంతమందికి ఆసరా అయిందో మీకు తెలుసా?"

"అబద్ధం ఆసరా అయితే నిజం చెప్పి ఆసరా చెయ్. లేకపోతే తీసెయ్."

"మీరు సంతకం పెట్టారండీ."

"పెట్టాను. నేను సంతకం పెట్టిన కాగితం మీద అబద్ధం చెబుతానని లేదు."

కిందికి దిగి, షాపులో గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. మంచి కుర్చీ, చేతులు వెడల్పుగా ఉన్నాయి. మూడింటికి కూర్చున్నాను. కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, ఆ కుర్చీ ధర అడిగి, నేను లేస్తానేమోనని చూసి, లేవకపోతే వెళ్ళిపోయారు. నాలుగున్నరకి షాపాయన వచ్చి "అమ్మగారూ, మీ గొడవ పైన కదా" అన్నాడు. "పైన వినేవాళ్ళు లేరండీ, అందుకే కింద కూర్చున్నాను" అన్నాను. ఆయన పైకి వెళ్ళాడు. పెద్దగా మాటలు వినిపించాయి. అయిదుంపావుకి మైకు పిల్ల దిగి వచ్చి ఫోను నా ముందు పెట్టి, నా కళ్ళెదుటే తీసేసింది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "నేను మంచే అనుకున్నానండీ" అంది.

"నాకు తెలుసమ్మా. అప్పట్లో అందరూ నా మంచే అనుకున్నారు" అన్నాను. ఆ పిల్లని ఏడిపించాలని కాదు. ఏడిచింది. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని షాపు గుమ్మం మెట్టు దింపింది.

ఇదీ వీడియో ఖాళీ అయిన సంగతి.

ఇంతవరకూ రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. తక్కినది రాయాలా వద్దా అని. మొన్న పని చేస్తూ నిర్ణయించుకున్నాను, రాస్తాను. ఇది నేను ఏ మైకు ముందూ చెప్పలేదు. నీ మనవరాలికీ, మీ అల్లుడికీ కూడా చెప్పలేదు.

నా కథలో నువ్వు లేవు. రెండుసార్లూ లేవు. గమనించావా? గమనించే ఉంటావు. వీడియో చూసి నువ్వంత సంతోషంగా రాసినప్పుడే అనుకున్నాను, అమ్మ లెక్కపెట్టుకుంది, తన మాట ఎక్కడా రాలేదని.

ఆ రోజు పొద్దున్న నాన్నే నన్ను బలవంతంగా ఒప్పించారన్నట్టు చెప్పాను. అది పూర్తి నిజం కాదు. నాన్న ఎంత అరిచినా నేను ఒప్పుకోలేదు, గుర్తుందా? నాన్న ముందుగా స్కూలుకి వెళ్ళిపోయారు. నువ్వు నన్ను పీట మీద కూర్చోబెట్టి జడ వేశావు. ఎప్పటికన్నా బిగించి వేశావు. వేస్తూ, నా వెనక నుంచి, మెల్లగా అన్నావు: "ఒప్పేసుకోవే తల్లీ. రెండు నిమిషాలు. నాన్న మాట పోతే మనందరం పోతాం. నువ్వు తీయలేదని నాకు తెలుసులే."

తెలుసులే అన్నావు. నాన్న నమ్మక శిక్షించారు. నువ్వు నమ్మి పంపావు. ఏది ఎక్కువ బరువో ఇప్పటికీ తూచలేకపోతున్నాను.

ఇంకొకటి. పదో తరగతిలో లంగా అంచు ఊడిపోతే నీ కుట్టుమిషను సొరుగు తీశాను, నల్లదారం కోసం. నీలం జాకెట్టు ముక్కలో చుట్టి స్టాప్‌వాచ్ ఉంది. నొక్కితే ముల్లు తిరిగింది. కాసేపు చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ చుట్టి, ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేశాను. అంతకు ముందు నెలే స్కూలుకి రంగులు వేశారు కదా, హెడ్మాస్టరు గదిలో బీరువా కదిపారు కదా. దాని వెనక పడి ఉంటుంది. నాన్న తెచ్చి నీకిచ్చారు, లేక బంట్రోతు తెచ్చిచ్చాడు, అది నాకు తెలియదు. నువ్వు దాచావు. అది మాత్రం తెలుసు.

ఆ సాయంత్రం నువ్వు అంచు కుడుతుంటే నీ ఎదురుగా కూర్చుని చూశాను. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. దారం కొరికి, "వేసుకో" అన్నావు. అంతే.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నాకు తెలుసని నీకు తెలియదు. అది నేను చేసిన దొంగతనం అనుకో. చూసి, చూడనట్టు ఉండిపోయాను. నేనూ నీ కూతురినే కదా, దాచడం నీ దగ్గరే నేర్చుకున్నాను.

దీన్ని మేడ మీద చెప్పి ఉంటే జనం కుర్చీల్లోంచి పడిపోయేవాళ్ళు. మైకు పిల్లకి ముగింపు దొరికేది. కానీ ఇవ్వను. వాళ్ళది కాదిది, నీదీ నాదీ. ఏ మాట ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఇకనుంచి నేనే తేల్చుకుంటాను. నాన్నా కాదు, నువ్వూ కాదు, చప్పట్లు కొట్టేవాళ్ళూ కాదు. నాన్న సంగతి నలుగురిలో చెప్పాను, ఎందుకంటే ఆయన నన్ను నలుగురిలో నిలబెట్టారు. నువ్వు నా వెనక నుంచి, చెవి దగ్గర చెప్పావు. అందుకని నీకు కూడా చెవిలోనే చెబుతున్నాను.

నువ్వు క్షమించమని రాయకు. ఏడుస్తూ రాయకు. "అప్పటి పరిస్థితి నీకు తెలియదు" అని కూడా రాయకు. పరిస్థితి తెలుసు, ఆ పరిస్థితిలో పీట మీద కూర్చున్నది నేనే. నాన్నకి ఈ ఉత్తరం చూపిస్తావో లేదో నీ ఇష్టం. నేను చూపించమనను, దాచమనీ అనను. ఒకరి నోట్లో మాట పెట్టడం ఈ ఇంట్లో ఇంక నాతో ఆగిపోవాలి.

జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తిన నాన్న కూడా ఈ నాన్నే, నేను మరిచిపోలేదు. నా ఒక్క చదువు కోసం నీ నిద్రంతా ఆ మిషను మీద కుట్టేసిన అమ్మవి నువ్వే, అదీ మరిచిపోలేదు. అవి అవే, ఇది ఇదే. ఒకదాంతో ఒకటి చెరిపేయడం నాకు చేతకాదు, చేతనైనా చెరపను.

సన్మానానికి వస్తాను. నీ మనవరాలినీ తెస్తాను. ముందురోజే దిగి, నీ మోకాలు చూపించడానికి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతాను. స్టేజీ మీదికి పిలుస్తారేమో, నాన్నకి ముందుగానే చెప్పు: పిలిస్తే వెళతాను, నేను తీయలేదని చెప్పి దిగుతాను. అది వినడానికి ధైర్యముంటే పిలవమను, లేకపోతే వద్దు, నాకేం చిన్నతనం లేదు. హాయిగా కింద ముందు వరసలో నీ పక్కన కూర్చుంటాను. ఆయన పేరు పిలిచినప్పుడు చప్పట్లు కూడా కొడతాను. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి, కొట్టాల్సిందే. కానీ ఎవరైనా వంగి, "నాన్నగారిని క్షమించిన అమ్మాయివి నువ్వేనా" అని అడిగితే మాత్రం, "కాదండీ" అంటాను. నువ్వు ఎప్పటిలా చీరకొంగు చాటున నా చెయ్యి గిల్లుతావు, నాకు తెలుసు.

గిల్లుకో. గిల్లినా అదే అంటాను.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న,
నీ మొండి పెద్దపిల్ల